టిక్కులన్నీ పడ్డాయి, మరి తప్పు ఎక్కడ జరిగింది?

ప్రశ్న: కనిగిరి వైపు ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. మా పిల్లలు సెలవుల్లో ఊళ్లకు వెళ్లి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తారు. ఈసారి ఒక బ్యాచ్ తాగునీటిలో ఫ్లోరైడ్ సమస్యను తీసుకుంది. నెట్‌లో దొరికినదల్లా నమ్మకూడదని నేనే ఒక చెక్‌లిస్టు ఇచ్చాను: రాసింది ఎవరు, ఎప్పుడు రాశారు, ఏ సంస్థ, ఆధారం చూపించారా, ఏదైనా అమ్మడానికి రాశారా. అన్నిటికీ టిక్కులు పెట్టి తెచ్చారు. తీరా రిపోర్టు చివర సూచనల్లో "ఫ్లోరైడ్ ఉన్న నీటిని బాగా మరిగించి, చల్లార్చి తాగాలి" అని రాశారు. వైవాకు వచ్చిన కెమిస్ట్రీ సార్ అందరి ముందూ నవ్వేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత ఒక వర్క్‌షాప్‌లో "పిల్లల చేత రిఫ్లెక్టివ్ జర్నల్ (చేసిన పని గురించి తామే ఆలోచించి రాసుకునేది) రాయించండి, సమాచార అక్షరాస్యత (సమాచారాన్ని వెతికి, సరిచూసుకుని వాడుకోవడం) దానంతట అదే వస్తుంది" అన్నారు. రాయించాను. క్లాసు క్లాసంతా "ఈ ప్రాజెక్టు నా దృక్పథాన్ని మార్చింది" అనే రాసింది. సగం మంది చాట్‌జీపీటీ చేత రాయించారని చూడగానే తెలుస్తోంది. సమాచారం సరిచూసుకోవడానికీ ఈ రిఫ్లెక్షన్‌కీ నిజంగా సంబంధం ఉందా? లేక ఇది కూడా ఇంకో రికార్డు పనేనా?

జవాబు:

మేడమ్ గారూ,

మిగతా మాటలకు ముందు ఒక్క సంగతి. ఆ "మరిగించి తాగండి" అన్నది రిపోర్టులోనే ఉండిపోయిందా, ఊళ్లో కూడా చెప్పి వచ్చారా? ఈ ప్రాజెక్టుల చివర అవగాహన కార్యక్రమం అని పెట్టి కరపత్రాలు పంచడం మామూలే కాబట్టి అడుగుతున్నాను. పంచి ఉంటే ఆ పిల్లల్నే మళ్లీ ఆ ఊరికి పంపండి. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి ఉండే పదార్థం, మంట పెట్టినంత మాత్రాన పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకాస్త పెరుగుతుంది. బోరు నీళ్లు పరీక్ష చేయించుకోవాలని, తాగడానికీ వంటకూ ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీళ్లే వాడాలని, క్రిముల భయం ఉంటే ఆ నీళ్లనే కాచుకోమని ఇంటింటికీ చెప్పి రావాలి. మార్కుల గొడవ తర్వాత చూసుకోవచ్చు.

ఇక మీ ప్రశ్న. సంబంధం ఉంది. అయితే అది దానంతట అదేమీ రాదు. ప్రాజెక్టు అయిపోయాక రాయించే రెండు పేజీల వల్ల అసలే రాదు.

మీ పిల్లలు పెట్టినవి దొంగ టిక్కులని నేను అనుకోవడం లేదు. నీళ్లు మరిగించి తాగమని చెప్పే పేజీ ఏ ఆరోగ్య శాఖదో, ఏ అంతర్జాతీయ సంస్థదో అయి ఉంటుంది. సంస్థ పెద్దది, తేదీ ఉంది, అమ్మే సరుకేమీ లేదు. అందులో ఉన్నదీ నిజమే, కలరా గురించీ విరేచనాల గురించీ అయితే. కాబట్టి ఇక్కడ పిల్లల్ని అబద్ధం మోసం చెయ్యలేదు. ఒక ప్రశ్నకు చెప్పిన నిజమైన జవాబును తీసుకొచ్చి ఇంకో ప్రశ్నకు అతికించారు. మీ చెక్‌లిస్టులో ఉన్నవన్నీ పేజీని అడిగే ప్రశ్నలు. పిల్లవాణ్ని అడిగేది ఒక్కటీ లేదు. నేను వెతుకుతున్నది ఏ సమస్యకు? ఈ పేజీ మాట్లాడుతున్నది దాని గురించేనా? ఇది సరైన జవాబని నాకెందుకు అనిపించింది? ఈ చివరిదానికి వాళ్లు నిజాయితీగా జవాబు చెబితే, "చిన్నప్పటి నుంచి ప్రతి పాఠంలోనూ చదివిన మాట కాబట్టి" అంటారు. తెలిసిన మాట కళ్లబడగానే వెతకడం ఆగిపోయింది. వెతకడం ఎక్కడ ఆపాను, ఎందుకు ఆపాను అని తమను తాము చూసుకోవడమే మీకు వర్క్‌షాప్‌లో చెప్పిన రిఫ్లెక్షన్. పేరు పెద్దదిగానీ పని చిన్నదే.

దీన్ని చదువుల్లోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీని. 1910లో రాసిన పుస్తకంలో ఆయన దీనికి రెండు వైపులున్నాయన్నాడు. ఒక నమ్మకం దేని మీద నిలబడి ఉందో చూడటం ఒకటి. దాన్ని ఒప్పుకుంటే ఇంకా ఏమేం ఒప్పుకోవాల్సి వస్తుందో చూడటం రెండోది. మనం మొదటిదాన్ని పట్టుకుని ఆధారాలూ రిఫరెన్సులూ అంటూ పిల్లల్ని సతాయిస్తాం, రెండోదాన్ని వదిలేస్తాం. మీ బ్యాచ్‌కు ఆ రెండోదే చాలు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని కాసేపు ఒప్పుకుందాం. అయితే మీ ప్రాంతంలో ఇన్ని తరాలుగా పళ్లు గారపట్టి, మోకాళ్లు వంగిపోయి జనం ఎందుకు బాధపడుతున్నారు? ఎక్కడెక్కడి నుంచో పైపులు వేసి రక్షిత నీళ్లు తేవడానికి ప్రభుత్వాలు అంత డబ్బెందుకు ఖర్చు పెడుతున్నాయి? ఇంటింటికీ ఇంత కట్టెలు, ఒక గిన్నె ఇస్తే సరిపోయేది కదా. ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఆ వాక్యం రిపోర్టు దాకా వచ్చేది కాదు. దానికి కెమిస్ట్రీ కూడా అక్కర్లేదు.

డ్యూయీ ఇంకో మాట కూడా అన్నాడు. ఇలాంటి ఆలోచన ఊరికే కూర్చుంటే పుట్టదు, దారి రెండుగా చీలిన చోట పుడుతుంది అని. మీ పిల్లల రిపోర్టును ఒకసారి ఆ కళ్లతో తిరగెయ్యండి. ఫ్లోరైడ్ ఎంతవరకు ఉండొచ్చన్న దగ్గర ఒక పేజీలో లీటరుకు 1 మిల్లీగ్రాము అని, ఇంకో పేజీలో 1.5 అని ఉన్నా నాకు ఆశ్చర్యం లేదు. లేదా ముందు దొరికినదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేసి ఉంటారు. రెండూ సరైన అంకెలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం 1.5. మన బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ తాగునీటికి పెట్టిన ప్రమాణం, ఐఎస్ 10500, రెండు అంకెలు చెబుతుంది: ఉండదగిన పరిమితి 1, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 1.5 దాకా ఒప్పుకోవచ్చు.

ఇప్పుడు ఊళ్లో ఒక బోరులో 1.3 వచ్చిందనుకోండి. మంచి నీళ్లా, కాదా? దీనికి జవాబు నెట్‌లో లేదు. ఆ వీధివాళ్లకు వేరే నీళ్లు అందుతున్నాయా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉంది. అంటే పిల్లవాడు మళ్లీ ఊళ్లోకి వెళ్లి, ట్యాంకు నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తాయో అడిగి రావాలి. 'రెండు అంకెలు ఎందుకున్నాయి' అని ఆగి ఆలోచించినందువల్ల వెతకాల్సిన కొత్త విషయం ఒకటి బయటపడింది. సమాచార అక్షరాస్యతలో రిఫ్లెక్షన్ చేసే పని ఇదీ. ఆలోచన నుంచి ఇంకో ప్రశ్న, ఆ ప్రశ్న నుంచి ఇంకో వెతుకులాట పుట్టకపోతే, జర్నల్‌లో ఎంత అందంగా రాసినా దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

మీ ప్రాంతంలోనే ఇంకో మంచి చిక్కు ఉంది. ఎముకలను వంచేసే ఫ్లోరోసిస్ మన దేశంలో వైద్య పత్రికలకెక్కింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యుల వ్యాసంతో. అందులో ఉండేది నెల్లూరు జిల్లా. పిల్లలు అది చూసి "మనది నెల్లూరు కాదుగా, ఇది మనకు సంబంధించింది కాదు" అని వదిలేసే ప్రమాదం ఉంది. ప్రకాశం జిల్లా ఏర్పడిందే 1970లో, ముందు ఒంగోలు జిల్లా పేరుతో. కనిగిరి, పొదిలి, దర్శి అంతకు ముందు నెల్లూరులో భాగం. ఆ పాత వ్యాసం వాళ్ల ముత్తాతల ఊళ్ల గురించే. "ఇది నాది కాదు అని ఎందుకనుకున్నాను?" అని ఒక్క నిమిషం ఆగినవాడికి తప్ప ఈ సంగతి దొరకదు. ఏ చెక్‌లిస్టులోనూ దీనికి గడి ఉండదు.

చెక్‌లిస్టులు పారెయ్యమని నా ఉద్దేశం కాదు. కానీ వాటి హద్దు ఏమిటో లైబ్రేరియన్లకే ముందు తెలిసొచ్చింది. సమాచార అక్షరాస్యత అన్న మాట వాడుకలోకి వచ్చింది 1974లో, పాల్ జుర్కోవ్‌స్కీ అనే ఆయన రాసిన నివేదికతో. అమెరికా కాలేజీ లైబ్రేరియన్ల సంఘం 2000లో చెప్పిన నిర్వచనంలో అవసరాన్ని గుర్తించడం, వెతికి పట్టుకోవడం, విలువ కట్టడం, వాడటం అనే నైపుణ్యాలే ఉన్నాయి. అదే సంఘం 2015లో తెచ్చిన కొత్త పత్రంలో నిర్వచనం మొదలయ్యేదే, ఆలోచించుకుంటూ సమాచారాన్ని కనుగొనడం అన్న మాటతో. వెతికే మనిషిని కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

సరే, మరి మీ పిల్లల జర్నల్ ఎందుకు అలా తయారైంది? మీరు అడిగిన వేళ తప్పు. క్యారల్ కూల్తావ్ అనే అమెరికా పరిశోధకురాలు 1980ల్లో హైస్కూలు పిల్లలు ప్రాజెక్టు కోసం సమాచారం వెతికేటప్పుడు ఏం ఆలోచిస్తున్నారో, వాళ్లకు ఏం అనిపిస్తోందో మొదటి నుంచి చివరి దాకా గమనించింది. అంశం ఎంచుకోగానే హుషారు వస్తుంది. తర్వాత చదవడం మొదలుపెట్టగానే ఒక మాటకు ఇంకో మాట పొసగక అయోమయం, చిరాకు, 'ఇది నా వల్ల కాదేమో' అన్న టెన్షన్. అందులోంచి తనదైన కోణం ఒకటి దొరికాక గానీ మనసు కుదుటపడదు. ఆ అయోమయం తెలివితక్కువతనం వల్ల రాదు, అది పనిలో భాగం. మన కాలేజీల్లో మాత్రం దానికి చోటు లేదు. అయోమయం రాగానే పిల్లవాడు సీనియర్ రిపోర్టు తెచ్చుకుని మక్కికి మక్కి దించేస్తాడు, లేదంటే చాట్‌జీపీటీని అడుగుతాడు. రెండు నిమిషాల్లో టెన్షన్ పోతుంది. టెన్షన్‌తో పాటు ఆలోచించాల్సిన సందర్భం కూడా పోతుంది.

మీరు జర్నల్ అడిగేసరికి అంతా అయిపోయింది. చిక్కులన్నీ చెరిగిపోయి, నీటుగా బైండింగ్ చేసిన పుస్తకం చేతిలో ఉంది. పైగా అడుగుతున్నది మార్కులు వేసే మేడమ్. ఆ పరిస్థితిలో ఎవరైనా ఏం రాస్తారు, థాంక్స్ తప్ప? "నా దృక్పథం మారింది" అన్న వాక్యం పెళ్లి శుభలేఖలో "సకుటుంబ సపరివార సమేతంగా" లాంటిది. దాన్ని చదివేవాళ్లూ లేరు, నమ్మేవాళ్లూ లేరు, అయినా ఉండి తీరాలి.

కాబట్టి జర్నల్‌ను చివరి నుంచి తీసి మధ్యలో పెట్టండి. మొదలుపెట్టే రోజు, ఫోన్ ముట్టుకోక ముందు, ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయించండి: ఈ విషయం గురించి నాకు ఇప్పటికే ఏం తెలుసు, ఎవరి దగ్గర విన్నాను. మీ ఊళ్ల పిల్లలకు ఫ్లోరైడ్ గురించి తెలియకపోవడమేమిటి! ఏ వీధి బోరు నీళ్లు ఎవరూ ముట్టుకోరో, ఎవరింటి తాతకు నడుము ఎందుకు వంగిందో, పప్పు ఏ నీళ్లతో ఉడకదో వాళ్లమ్మను అడిగితే చెబుతుంది. ఇందులో కొంత నిజం, కొంత అపోహ ఉంటుంది. పప్పు ఉడకకపోవడానికి కారణం నీటి కాఠిన్యం, ఫ్లోరైడ్ కాదు. కానీ ఈ తెలిసినదాన్ని రిపోర్టుకు పనికొచ్చే సమాచారంగానే వాళ్లు అనుకోరు. గడప దగ్గరే చెప్పులతో పాటు వదిలేసి లోపలికి వస్తారు. రాయించకపోతే అందులో ఏది నిలిచిందో, ఏది తప్పని తేలిందో వాళ్లకే తెలియదు.

తర్వాత వెతికే రోజుల్లో వాళ్లు రాయాల్సింది ఒక్కటే: ఈరోజు దేనికి దేనితో పొసగలేదు, అప్పుడు నేనేం చేశాను. నాలుగు లైన్లు చాలు. ఉదాహరణకు ఇలా: "ఫిల్టర్లు అమ్మే కంపెనీ పేజీలో మన నీళ్లన్నీ విషమే అన్నట్టు ఉంది. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబు కాగితంలో స్కూలు దగ్గర బోరులో తక్కువే ఉంది. ముందు కంపెనీదే నమ్మాను, ఎందుకంటే ఫొటోలు బాగున్నాయి. కాగితం ఎప్పటిదో చూస్తే పాతది. కొత్త పరీక్ష ఉందేమో రేపు అడగాలి." ఈ నాలుగు లైన్లలో భాష గొప్పగా లేదు, దృక్పథమూ మారలేదు. కానీ ఎందుకు నమ్మాడో తనకు తెలిసింది, రేపు ఏం చెయ్యాలో కూడా తేలింది. ఆ "ఫొటోలు బాగున్నాయి" అన్న ముక్క ఒక్కటి చాలు నాకు, ఆ పిల్లవాడికి మంచి మార్కు వేసేస్తాను.

చివర్లో అడగాల్సింది ఏం నేర్చుకున్నావు అని కాదు. రిపోర్టులో నువ్వు కొట్టేసిన వాక్యం ఏది, ఎందుకు కొట్టేశావు అని అడగండి. కొట్టివేత కనిపించేలాగే రాసి ఇమ్మనండి. శుభ్రమైన రిపోర్టుకు కాకుండా కొట్టివేతకు మార్కులుంటాయని చెప్పి చూడండి. మొదట్లో మార్కుల కోసం దొంగ కొట్టివేతలు కూడా వస్తాయి, దానికీ సిద్ధంగా ఉండండి.

చాట్‌జీపీటీ గురించి. దాన్ని నిషేధించినా వాడతారు. మీరు ఇచ్చిన ప్రశ్నలో ఆ పిల్లవాడు వెతికిన దారి ఎక్కడా లేదు కాబట్టే యంత్రం అంత సులువుగా రాసేసింది. బోరు దగ్గర ఎవరు ఏం చెప్పారు, ల్యాబు కాగితంలో ఏముంది, రెండిటికీ తేడా ఎక్కడ అని అడిగితే అది కూడా ఏదో ఒకటి అల్లుతుంది. అయితే నోట్‌బుక్ పక్కన పెట్టుకుని రెండు నిమిషాలు నోటితో అడిగితే అల్లిక విడిపోతుంది. వాడినవాళ్ల చేత దాని జవాబును కూడా నోట్‌బుక్‌లో ఒక మూలంగానే రాయించండి: ఏం అడిగాను, ఏం చెప్పింది, నేను ఎక్కడ సరిచూశాను. ఫ్లోరైడ్ తీసే పద్ధతి అడిగితే అది నల్గొండ టెక్నిక్ పేరు చెప్పే అవకాశం ఎక్కువ. పేరు చూసి అది నల్గొండలో కనిపెట్టారని పిల్లలు రాసేస్తారు. దాన్ని రూపొందించింది నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ. అందులో వాడే పటిక, సున్నం ఎంతెంత వెయ్యాలో ఆ నీళ్ల గుణాన్ని బట్టి లెక్కగట్టాలి. "పటిక వేసుకోండి" అని సూచనగా రాస్తే అది కూడా "మరిగించండి" లాంటిదే అవుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఎందుకంటే వర్క్‌షాపుల్లో ఇది చెప్పరు. ఒంటరిగా కూర్చుని లోతుగా ఆలోచించడం వల్ల మనిషి సరైన చోటికే చేరతాడన్న హామీ లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడు కూడా బాగా ఆలోచించే ఆ మాట అంటాడు, ఆలోచించినకొద్దీ మూడు కాళ్లకు ఇంకా గట్టి కారణాలు దొరుకుతాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో రాసిన పరిశోధనలో 10 మంది చరిత్రకారులు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మొచ్చో చెప్పమన్నారు. వాటిలో పిల్లల డాక్టర్ల సంస్థలవి రెండు, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి 1930 నుంచి ఉన్న పెద్ద సంస్థ. ఇంకోటి 2002లో దాన్నుంచి విడిపోయినవాళ్లు పెట్టుకున్న చిన్న సంఘం. చాలామంది విద్యార్థులు పేజీని శ్రద్ధగా చదివి, డిజైన్ చూసి, రిఫరెన్సులు చూసి చిన్న సంఘానిదే మెరుగన్నారు. పీహెచ్‌డీలున్న చరిత్రకారులు కూడా తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీని పెద్దగా చదవనే లేదు. వెంటనే ఇంకో ట్యాబ్ తెరిచి, అసలు వీళ్లెవరని బయట వెతికారు.

ఇక్కడ ఎక్కువసేపు ఆలోచించినవాళ్లే పొరబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు ఆలోచించింది కొన్ని క్షణాలే, కానీ ఆలోచించింది తమ గురించి: "వీళ్లెవరో నాకు తెలియదు. పేజీని ఎంత చూసినా తెలియదు." మీ పిల్లలకు నేర్పాల్సిన రిఫ్లెక్షన్‌లో సగం ఇదే. నాకు తెలియదని గుర్తుపట్టి ఆ పేజీలోంచి బయటకు రావడం. ఫిల్టర్ కంపెనీ పేజీ అయినా అంతే, బాబాయి వాట్సాప్‌లో పంపిన వీడియో అయినా అంతే. బయట ఎక్కడికి వెళ్లాలంటే, మీ విషయంలో ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబు ఉంది, మీ కాలేజీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు ఉంది, ఊళ్లో మనుషులున్నారు. బోరుకూ బోరుకూ ఫ్లోరైడ్ మారుతుంది కాబట్టి ఫలానా బోరు, ఫలానా తేదీ లేని అంకెను రిపోర్టులోకి రానివ్వొద్దు.

క్లాసులో అంతమంది ఉంటే ఈ నోట్‌బుక్కులన్నీ ఎవరు చదువుతారని మీరు అనుకుంటూ ఉంటారు. చదవకండి. ఇద్దరిద్దరిని జత చేసి ఒకరిది ఒకరి చేత చదివించి, "ఇక్కడ నువ్వెందుకు ఆగావు?" అని ఒక్క ప్రశ్న మార్జిన్‌లో రాయించండి. మీరు వారానికి కొన్ని తీసి కొట్టివేతలు మాత్రం చూడండి. పిల్లలకు ఇబ్బంది కలిగించే సొంత సంగతులు, ఇంటి సంగతులు రాయమని మాత్రం అడగొద్దు. మనకు కావలసింది వాళ్లు వెతికిన దారి, వాళ్ల మనసు లోపలి గొడవలు మనకెందుకు?

యూనివర్సిటీ ఫార్మాట్‌లో చివర రిఫ్లెక్షన్ పేజీలు తప్పనిసరి అంటే, నోట్‌బుక్‌లోంచి పొసగని సంగతులు రెండు, కొట్టేసిన వాక్యం ఒకటి తేదీలతో సహా అక్కడ ఎక్కించమనండి. ఫార్మాట్ నిండుతుంది. మీ బ్యాచ్ రిపోర్టులో అయితే ఆ కొట్టేసిన వాక్యం ఏదో తెలిసిందే. దాన్ని వైట్‌నర్‌తో చెరపనివ్వకండి. పైన గీత కొట్టి, పక్కన కారణం రాసి, మళ్లీ ఊరికి వెళ్లి సరిదిద్ది వచ్చిన తేదీ వేయించండి. నవ్విన కెమిస్ట్రీ సార్‌కే ఆ పేజీ ఒకసారి చూపించి సంతకం అడగండి, కాదనరు.